బొమ్మ కారుకు రంగు వేసే ముందు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం గుర్తుగా బడికి ఏదైనా ఇవ్వాలనుకున్నప్పుడు, లైబ్రరీ పక్క గదిలో ఒక అద్దాల బీరువా పెట్టి అందులో మనం ఆడుకున్న బొమ్మ కార్లు ఉంచుదామన్న మాట వచ్చింది. అడగ్గానే మీరంతా అటకలు, ట్రంకు పెట్టెలు వెతికి తెచ్చిచ్చారు. మొత్తం 46 వచ్చాయి. ఈ పిచ్చి నాకు ముందు నుంచీ ఉందని వాటిని బాగుచేసే పని నాకు అప్పజెప్పారు. సంతోషం. కానీ కమిటీ దాంతోపాటు ఒక తీర్మానం కూడా చేసింది, అన్నీ కొత్తవాటిలా తళతళలాడాలని. "ధూల్‌పేట్‌లో రంగులేసేవాళ్లకు కరువా? వినాయకుడికి కొట్టే గన్నుతో ఒక్క పూటలో అయిపోతుంది" అని మా అన్నలాంటి పెద్దమనిషి ఒకరు అన్నారు. ఆ తీర్మానాన్ని కాస్త మార్చమని అడగడానికే మైకు పట్టుకున్నాను.

ముందు ఆ కార్లు ఏమిటో చెప్పాలి. చాలామందికి అవి 'ఇనుప కార్లు'. నిజానికి వాటిలో ఇనుము ఇరుసుల్లో, అడుగు రేకులో తప్ప ఉండదు. ఒళ్లంతా జింకు. నూటికి 95 పాళ్ల పైన జింకు, నాలుగు పాళ్ల దాకా అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం కలిపి కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడతారు. అదే డైకాస్ట్. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ దగ్గర ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ 1934లో వీటికి డింకీ టాయ్స్ అని పేరు పెట్టింది. రైలు బొమ్మల పక్కన నిలబెట్టడానికి చేశారు కాబట్టి, ఆ రైలు కొలతకు సరిపడేలా అసలు కారులో 43వ వంతు అన్న లెక్క వాటి నుంచే స్థిరపడింది. మన అంబాసిడర్ సుమారు 4.3 మీటర్ల పొడవు. 43వ వంతుకు తగ్గిస్తే సరిగ్గా మీ అరచేయంత, పది సెంటీమీటర్లు.

ఇక మ్యాచ్‌బాక్స్. 1953లో ఆ పేరు పుట్టడానికి ఒక బడి కారణమంటారు. జాక్ ఓడెల్ అనే ఇంజనీరు కూతురి బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ అయితేనే తేనిచ్చేవారట. ఆయన అగ్గిపెట్టెలో పట్టే రోడ్డు రోలరు చేసిచ్చాడు. అందుకే ఆ కార్లకు తొలినాళ్లలో ఒకే కొలత ఉండదు, బస్సయినా మోటారు సైకిలయినా పెట్టెలో పట్టాలి, అంతే. మన బడిలో అయితే అగ్గిపెట్టె కూడా లాక్కునేవాళ్లు, ఆ సంగతి వేదిక మీద ఉన్న సార్లకే బాగా తెలుసు.

మనకు ఇవి ఎలా వచ్చాయి? బయటి బొమ్మలు దిగుమతి కావడం కష్టమైన కాలం అది. బొమ్మలు రాలేదు గానీ అచ్చులు వచ్చాయి. డింకీ వాళ్లు వాడి పక్కనపెట్టిన అచ్చులు కొన్ని కలకత్తా చేరాయి. వాటితో 1960ల చివర్లో, 70లలో నిక్కీ టాయ్స్ పేరుతో కార్లు పోశారు. కలకత్తాలోనే మ్యాచ్‌బాక్స్ తరహా కార్లు మ్యాక్స్‌వెల్ పేరుతో, కార్గీ తరహావి మిల్టన్ పేరుతో వచ్చాయి. పోత ముతక, రంగు మందం, పెట్టె పల్చని అట్ట. ఇంగ్లండ్ సరుకు పక్కన పెడితే ఇవి పేదింటి చుట్టాల్లా ఉంటాయి. కానీ మన వీధుల్లో దొర్లింది ఇవే. లివర్‌పూల్‌లోని డింకీ కర్మాగారం 1979లో మూతపడింది, 1982లో మ్యాచ్‌బాక్స్ చేసిన లెస్నీ కంపెనీ దివాలా తీసింది. వాటి చరిత్రను లెక్కకట్టి దాచుకోవడానికి అక్కడ వేలమంది ఉన్నారు. కలకత్తా కార్ల గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ. మన జుమేరాత్ బజార్‌లో పాత సామాను గుట్టల్లో అవి ఇంకా కనబడతాయి. దుకాణదారుడి దృష్టిలో అవి బొమ్మలు కావు, తూకానికి పోయే జింకు. గురువారం పొద్దున ఎవరూ ఏరుకోకపోతే సాయంత్రానికి కబాడీ బస్తాలోకి, ఆ తర్వాత కొలిమిలోకి. నాకున్న తొందర అక్కడిది.

మీరు తెచ్చిన 46లో 31 లోహపువి, 15 ప్లాస్టిక్‌వి. అడుగు తిప్పి చూస్తే ఊరి పేరు, కంపెనీ పేరు పోతలోనే ఉంటాయి. దయచేసి ఇంట్లో ఏ పాత కారు కనబడ్డా ముందు అడుగు చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ 46లో ఒక చిన్న వ్యాను ఉంది. కంపెనీ రంగు నీలం, ఇరుసు దగ్గర ఇంకా తెలుస్తోంది. దాని మీద ఎవరో తలుపులకు వేసే పసుపు ఎనామిల్ మందంగా పూశారు. పైన అట్టముక్క కోసి చుట్టూ కంచెలా అతికించారు, మధ్యలో అగ్గిపుల్ల నిలబెట్టారు. నా తర్వాతి బ్యాచ్ తమ్ముడు ఒకరు తెచ్చిచ్చారు. అడిగితే ఒకటే మాట చెప్పారు: "అది చైతన్య రథం అన్నా."

ఇక్కడున్న సగంమందికి వివరించక్కర్లేదు. పిల్లల కోసం చెబుతున్నాను. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశం పార్టీ పెట్టారు. పాత షెవర్లే వ్యానును మార్పించి, దానికి చైతన్య రథం అని పేరు పెట్టి, దాని మీద నిలబడి రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరిలో ఎన్నికలు గెలిచారు. ఎవరి రాజకీయం వారిది, ఆ గొడవ నాకొద్దు. కానీ ఆ నెలల్లో ఒక పిల్లవాడికి తన నీలం వ్యాను రథంలా కనబడింది. అసలు బండి రంగేమిటో వాడికి పట్టలేదు, జెండా పసుపు కాబట్టి బండీ పసుపే. ఆ అగ్గిపుల్లే నాయకుడు.

సేకరించేవాళ్ల పద్ధతి ప్రకారం ఇలాంటిది దొరికితే పసుపు గీకేసి, కంపెనీ నీలం వేసి, 'అసలు రూపానికి' తెస్తారు. తళతళలాడుతుంది కూడా. అలాంటి నీలం వ్యాన్లు వెతికితే ఇంకోటి దొరుకుతుంది. ఈ రథం ప్రపంచంలో ఇదొక్కటే. పెయింట్ రిమూవర్‌లో అరగంట ముంచితే 1982 మొత్తం గిన్నె అడుక్కి చేరుతుంది.

ఇంకొకటి, మినీబస్సు. వెనక చక్రం బదులు చొక్కా గుండీ ఉంది, రెండు కన్నాల గుండీ, సన్న తీగతో ఇరుసుకు కట్టారు. అది ఇప్పటికీ తిరుగుతోంది. దాన్ని తీసి రబ్బరు చక్రం వేయమంటే నా చెయ్యి రావడం లేదు.

అలాగని ఏదీ ముట్టుకోవద్దనడం లేదు. ముట్టుకోకపోతే పోయేవి ఉన్నాయి. నా లెక్కలో తొమ్మిదింటికి పూర్తిగా రంగు వేయాలి. వాటి మీద ఆట గుర్తులు లేవు, తడిలో పడి ఉండి రంగు పొక్కి, కింద జింకు తెల్లటి పిండిలా లేస్తోంది. వదిలేస్తే తినేస్తుంది. పదకొండింటికి ఇరుసులు, చక్రాలు, అద్దాలు సరిచేస్తే చాలు. మిగిలిన ఇరవై ఆరింటిని మెత్తటి కుంచెతో దులిపి, తుడిచి పెట్టేయడమే.

రంగు వేసే తొమ్మిదింటి గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇంట్లో ప్రయత్నిస్తామని కొందరు అడిగారు. కారు పైభాగంతోపాటే పోసిన చిన్న గుంజ అడుగు రేకు కన్నంలోంచి వచ్చి, దాని తల చితక్కొట్టి ఉంటుంది. ఆ తలను మాత్రమే చేతితో తిప్పే చిన్న డ్రిల్లుతో, నెమ్మదిగా తొలవాలి. గుంజను మిగల్చాలి. తర్వాత అందులో రెండు మిల్లీమీటర్ల మర చేసుకుంటే స్క్రూతో బిగించవచ్చు, రేపు ఇంకొకరు విప్పుకోవచ్చు. పాత రంగు తీయడానికి కాస్టిక్ సోడా వాడకండి, అది రంగుతోపాటు జింకును, అల్యూమినియాన్ని కూడా తింటుంది. చింతపండు అసలే వద్దు. ఇత్తడి చెంబుకు మెరుపు తెచ్చే పులుపు జింకును నల్లబరిచి గుంటలు పెడుతుంది. మన ఇళ్లలో మెరవాల్సింది ఏదైనా సరే అమ్మ చెయ్యి ముందు చింతపండు మీదికే పోతుంది, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇక రంగు. 43వ వంతు కారు మీద మిల్లీమీటరులో పదో వంతు మందం రంగు పడిందంటే, అసలు కారు మీద 4 మిల్లీమీటర్ల పైన పట్టినట్టు. తలుపు గీత, హెడ్‌లైట్ అంచు, బానెట్ మీది గుర్తు, అన్నీ దాని కింద మునిగిపోతాయి. ఇక్కడ మన అన్న చెప్పిన మాట సగం నిజమే. పలచగా కొట్టడం మన పేటకు తెలిసిన విద్య. వినాయక విగ్రహాల షెడ్లలో చూడండి, ముందు తెల్ల కోటు, అది ఆరాక కంప్రెసర్ గన్‌తో పలచటి పొరలు, ఛాయ మీద ఛాయ, అన్నిటికీ చివర సన్న కుంచెతో కళ్లు. ఆ చేతికి కారు కొత్తేమీ కాదు, గన్ నాజిల్ చిన్నదయితే చాలు, కళ్ల బదులు హెడ్‌లైట్లు. తొమ్మిది కార్లకు రంగు వేయడానికి మన బడిలోనే చదివి ఇప్పుడు విగ్రహాలు చేస్తున్న తమ్ముడొకరు ఒప్పుకున్నారు. చవితి అయిపోయాక చేస్తానన్నారు. అంతవరకు ఆగుదాం. గుడుంబా పేరుతో మన పేటను గుర్తుపట్టే నగరానికి ఈ చేతుల గురించి కూడా కాస్త తెలియాలి కదా.

ఒక షరతు ఉంది. రంగు వేసిన ప్రతి కారు అడుగున, బయటికి కనబడని చోట, తిరిగి రంగు వేసినట్టు, ఏ సంవత్సరమో, ఎవరు చేశారో సన్నగా రాయాలి. రంగు వేసిన పాత కారును అసలుదని అమ్మడం ఈ సరదాలో పెద్ద మోసం. మనం అమ్మం. కానీ మన తర్వాత ఆ బీరువా తాళం ఎవరి చేతిలో ఉంటుందో మనకేం తెలుసు?

ఒకదానికి మాత్రం నా దగ్గర మందు లేదు. తాతగారిదని ఒకరిచ్చిన పాత డింకీ. దానికి వెంట్రుకల్లాంటి పగుళ్లు, బానెట్ ఉబ్బింది. పోత పోసేటప్పుడు జింకులో సీసం లాంటి కల్తీ కలిస్తే, ఏళ్ల తర్వాత లోపల్నుంచి ఇలా బీటలు వారి చివరికి పిండి అయిపోతుంది. యుద్ధానికి ముందు డింకీలలో ఇది ఎక్కువ. అది పక్క కార్లకు అంటుకుంటుందని కొందరు భయపడతారు. అంటుకోదు. పొడిగా, చల్లగా ఉంచితే నెమ్మదిస్తుంది, అంతే. దాన్ని ఇప్పుడే అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి పెట్టాను.

బీరువా విషయంలో కమిటీకి నా విన్నపాలు. కొత్త ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. బోర్డు వద్దు, వాటి నుంచి వచ్చే పుల్లటి ఆవిరి మూసిన అద్దాల వెనక జింకును తుప్పు పట్టిస్తుంది. రంగు కాల్చి పట్టించిన ఇనుప బీరువా మేలు. కిటికీకి ఎదురుగా పెట్టవద్దు, ఎండకు ముందు పోయేది ఎరుపు. పురుగులు పడతాయని అలవాటు కొద్దీ కలరా ఉండలు వేస్తారేమో, వాటి ఆవిరికి ప్లాస్టిక్ కార్లు మెత్తబడి వంకర పోతాయి. వానాకాలానికి సిలికా జెల్ పొట్లాలు చాలు. మెత్తటి ప్లాస్టిక్ టైర్లు ఏళ్ల తరబడి ప్లాస్టిక్ పీట మీద ఆనితే రెండూ కరిగి అతుక్కుంటాయి, అందుకని ప్రతి కారు కడుపు కింద చిన్న దిమ్మె పెట్టి చక్రాలు గాల్లో ఉంచుదాం.

బొమ్మలకు ఇంత హంగామా ఎందుకని వెనక ఎవరో నవ్వుతున్నారు. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం 1951 నుంచి ఉంది, అందులో పిల్లల విభాగం చూశారా? సీసం సైనికులు, బొమ్మ రైళ్లు అద్దాల్లో ఉన్నాయి. నవాబు కొన్న బొమ్మ మ్యూజియం వస్తువయితే మనది ఎందుకు కాకూడదు? ఇటు జూపార్కు దగ్గర సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం ఉంది. పాత సామాను పోగేసి బ్యాటు, బర్గరు, చెప్పు ఆకారాల్లో నడిచే కార్లు చేసిన మనిషి ఆయన. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్ రికార్డు సాధించారు. అక్కడ ప్రతి బండి పక్కన అది చేయడానికి ఎంతకాలం పట్టిందో, ఎంత వేగం పోతుందో బోర్డు ఉంటుంది. మన బీరువాలో కూడా అలాంటి చీటీలు కావాలి. కంపెనీ, సంవత్సరం ఒక వరస. ఎవరు, ఏ వీధిలో, దేనిగా ఆడుకున్నారో రెండో వరస. మొదటి వరస నేను పుస్తకాలు చూసి రాస్తాను. రెండోది మీరే చెప్పాలి, అందుకే భోజనాల దగ్గర పెన్ను పట్టుకుని తిరుగుతాను, విసుక్కోకండి.

తీర్మానం మార్పుకు చేతులెత్తమని అధ్యక్షుల వారు ఇప్పుడు అడుగుతారు. ఈలోగా ఒక ప్రకటన. ఎర్ర డబుల్ డెక్కరు బస్సుకు ముందు చక్రం ఒకటి తక్కువ ఉంది, పదకొండు మిల్లీమీటర్లది. ఎవరింట్లోనైనా విరిగిన కారు ఉంటే పారేయకుండా తెచ్చివ్వండి. లేకపోతే గురువారం పొద్దున ఏడింటికి నాతో జుమేరాత్ బజార్ రండి, ఇద్దరం కలిసి వెతుకుదాం.