స్టెరాయిడ్ మాత్రలు: భయపడాల్సింది వాడటానికా, టక్కున ఆపడానికా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మా క్లినిక్‌కి "డాక్టర్ గారూ, స్టెరాయిడ్ మాత్రం రాయకండి" అంటూ వచ్చేవాళ్లున్నారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగుతున్నవాళ్లూ ఉన్నారు. నాకు ఈ రెండోవాళ్లంటేనే భయం.

కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ తయారుచేస్తాయి. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్ దాని చుట్టాలే. (జిమ్ స్టెరాయిడ్లు వేరండీ, వాటిని ఇందులో కలపకండి.) వారాల తరబడి బయటినుంచి ఇస్తుంటే గ్రంథి ఇక నాకేం పని అని నిద్రపోతుంది. అప్పుడు మాత్ర టక్కున ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం... ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తాం.

కోవిడ్ గుర్తుందిగా? 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ ఫలితాలొచ్చాయి. రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, 10 రోజుల వరకు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి లాభమే కనపడలేదు. మరి 2021లో మనవాళ్లు చాలామంది ఏం చేశారు? జ్వరం రాగానే వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూసి మింగారు. షుగర్ పెరిగింది, రోగనిరోధక శక్తి తగ్గింది. ఆ మే నెలలో బ్లాక్ ఫంగస్ రోగులు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి క్యూ కట్టారు. తప్పంతా స్టెరాయిడ్‌దే అనను, అదుపులో లేని షుగర్ కూడా పెద్ద కారణమే.

ఆస్తమా ఇన్‌హేలర్‌కి మాత్రం ఇంత భయం అక్కర్లేదు. డోసు మైక్రోగ్రాముల్లోనే. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు.

ఇప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్లు ఈ వీడియో చూసి ఇవాళే ఆపేయకండి. పాత చీటీ, మాత్రల షీటు పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.