ఇల్లు, ఓటు, అడవి: మూడింటికీ తాళంచెవి గ్రామసభే

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాదు. హాస్టల్ వార్డెన్‌ని. పొద్దున్నే గంట కొట్టించి, రాత్రి హాజరు వేసి పడుకునే పని నాది. నా హాస్టల్లో చదివిన పిల్లలు ఇక్కడ చాలామందే ఉన్నారు. "మేడం ఇక్కడ కూడా హాజరు వేస్తారేమో" అని నవ్వుకుంటున్నారు. వేస్తాను. నేను మాట్లాడబోయేదే హాజరు గురించి. మీ ఊరి గ్రామసభలో మీ హాజరు గురించి.

ముందు నా తప్పొకటి చెప్పుకుంటాను. కొన్నేళ్ల కిందట సెలవులకు మా ఊరు వెళ్లాను. ఒకాయన రిజిస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాడు. "ఇళ్ల జాబితాకి గ్రామసభ తీర్మానం కావాలి, సంతకం పెట్టండి మేడం" అన్నాడు. సభ ఎప్పుడు జరిగిందని నేను అడగలేదు. పేజీ పైభాగం ఖాళీగా ఎందుకుందనీ అడగలేదు. బీఈడీ చదివినదాన్ని, ప్రశ్నపత్రం రెండుసార్లు చదవమని పిల్లలకు చెప్పేదాన్ని, చదవకుండా సంతకం పెట్టేశాను. నా సంతకం చూసి మా అమ్మ వేలిముద్ర వేసింది. పక్కింటివాళ్లూ వేశారు.

ఆరు నెలల తర్వాత తెలిసింది. మా గెడ్డ పక్క కొండ మీద రాతి క్వారీకి ఊరంతా ఒప్పుకున్నట్టు ఆ సంతకాల పైన రాసుకున్నారు. ఇళ్లు రాలేదు, క్వారీ బండి వచ్చింది. మా ఊరి ఆడవాళ్లు బండికి అడ్డంగా కూర్చున్నారు. నిజమైన సభ పెట్టించి, పాత తీర్మానం తప్పని రాయించడానికి ఏడాదిన్నర తిరిగాం. చివరికి పని ఆగింది. అన్నాళ్లలో మా అమ్మ నన్ను ఒక్క మాటే అంది: "నువ్వు చదువుకున్నావనే కదమ్మా నేను వేలేశాను." ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాతే నేను చట్టాలు చదవడం మొదలుపెట్టాను. 1996లో పెసా చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో దానికి నియమాలు 2011లో వచ్చాయి. పేదల పథకాల్లో లబ్ధిదారులను గుర్తించే బాధ్యత గ్రామసభదని ఆ చట్టం చెబుతోంది. ఖర్చు సరిగ్గా జరిగిందని పంచాయతీకి ధ్రువపత్రం ఇవ్వాల్సిందీ గ్రామసభే. రాయి, కంకర వంటి చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫార్సు తప్పనిసరి. మా ఊళ్లో ఇంటింటికీ రిజిస్టరు ఎందుకు తిరిగిందో ఇప్పుడు అర్థమైంది కదా! మన సంతకం లేకుండా వాళ్ల పని నడవదు. మన సంతకానికి అంత విలువుందని మనకంటే వాళ్లకే ముందు తెలిసింది.

ఇక ఇంటి సంగతి. గ్రామీణ ఆవాస్ పథకంలో కొండ ప్రాంతాల ఇంటికి కేంద్రం లెక్క 1.30 లక్షల రూపాయలు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లో గదబ, పోర్జా, కోందు వంటి ఆదిమ తెగల కుటుంబాలకు 2 లక్షలు. డబ్బు ఒకేసారి రాదు, పని నడిచేకొద్దీ విడతలుగా వస్తుంది. రోడ్డు లేని ఊరికి సిమెంటు బస్తా, ఇసుక, ఇనుము నెత్తి మీద మోయాలి. మోతకూలికే సగం కరిగిపోతే పునాది దగ్గరే ఇల్లు ఆగిపోతుంది. అప్పుడు బిల్లూ ఆగిపోతుంది. మీ ఊళ్లలో గోడల మధ్య మొక్కలు మొలిచిన ఇళ్లు ఎన్ని లేవు? కాబట్టి జాబితాలో పేరుంటే చాలదు. ముందు దారి కావాలి. అటవీ హక్కుల చట్టం కింద రోడ్డు, బడి, అంగన్‌వాడీ వంటి 13 రకాల సౌకర్యాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. దానికీ గ్రామసభ సిఫార్సే కావాలి. చూశారా, ఇంటి బాట కూడా గ్రామసభ గుండానే వెళుతోంది.

ఓటు. షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ సీట్లలో కనీసం సగం మనవి, సర్పంచ్ పదవులన్నీ మనవే. ఈ హక్కు వచ్చింది మన మనిషి కుర్చీలో కూర్చోవాలని. మన మనిషిని కూర్చోబెట్టి వెనక ఇంకెవరో సంతకాలు చేయించుకోవాలని కాదు. 18 నిండితే ఓటు, 21 నిండితే పోటీ చేసే అర్హత. ఇప్పుడు 17 నిండగానే ఫారం 6 ముందుగా పెట్టుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీల్లో ఏనాటికి 18 నిండినా పేరు చేర్చుతారు. ఓటు ఐదేళ్లకోసారి. ఓటరు జాబితాలో పేరున్నవాళ్లంతా గ్రామసభ సభ్యులే, అది ఏడాది పొడవునా ఉండే పదవి. ఓటు రోజు బెంగళూరు నుంచి బస్సెక్కి వచ్చే తమ్ముళ్లు, గ్రామసభ రోజు ఊళ్లో ఉండి కూడా ఎందుకు రారు?

అడవి. 2006 అటవీ హక్కుల చట్టంలో పోడు పట్టా సంగతి అందరికీ తెలుసు. అది భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలన్నది కొందరికే తెలుసు. ఊరు ఎప్పటినుంచో కాపాడుకుంటున్న అడవి మీద ఊరంతటికీ సామూహిక హక్కు ఉంటుందన్నది ఇంకా కొందరికే తెలుసు. అడ్డాకు, చింతపండు, తేనె, వెదురు ఏరుకుని అమ్ముకునే హక్కు అందులోదే. ఆ చట్టం కింద జరిగే గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఇంటింటికీ తిరిగిన రిజిస్టరు దీని ముందు నిలవదు.

ఈ పోరాటం మనతో మొదలవలేదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదంది. ఆ తీర్పు మన కొండల్లో పుట్టింది, దేశమంతా చదువుకుంటోంది. మన పిల్లలే చదవకపోతే ఎలా?

షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉండిపోయిన ఊళ్ల పిల్లలు కూడా ఇక్కడున్నారు. మీకు పెసా వర్తించదు, కానీ అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. ఉన్న దాన్ని పట్టుకోండి, షెడ్యూల్లో చేర్చమని అడగడం ఆపకండి.

మీకు మూడు పనులు చెప్పి ముగిస్తాను. ఒకటి, మీ ఊరి తీర్మానాల పుస్తకం అడిగి చూడండి. రెండు, రాబోయే గ్రామసభలో రాసింది మన భాషలో గట్టిగా చదివి వినిపించండి, ఆ తర్వాతే సంతకాలు. మూడు, మీ అమ్మ, మీ నాయనమ్మ వేలేసే ముందు ఆ కాగితం మీరు చదవండి.

చదువుకున్న బిడ్డ ఇంట్లో ఉందన్న నమ్మకంతో వాళ్లు వేలేస్తారు. నేను ఒకసారి ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోలేకపోయాను. మీరు నిలబెట్టండి.

సెలవు. జై ఆదివాసీ!