ముక్కెర అడిగిన మాధవి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



“పది నిమిషాలు ఏదైనా సరదాగా మాట్లాడండి, డి.ఏ. బకాయిల సంగతి మాత్రం ఎత్తకండి” అని కార్యదర్శి గారు ఆదేశించారు. పైవారి మాట జవదాటడం నాకు సర్వీసులో ఉన్నప్పుడే అలవాటు లేదు. అందుచేత మన కూచిపూడి వారి భామాకలాపం గురించి, అందులోనూ మాధవి గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

1960ల్లో, నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు, మా నాన్నగారు నన్ను రాత్రి ఆటకు తీసుకువెళ్ళేవారు. పెట్రోమాక్సు లైట్లు, నేలమీద చాపలు. తెర మీదుగా సత్యభామ జడ ఇవతలికి పడేది. ఆ జడ చూడగానే జనం నిద్రమత్తు వదిలిపోయేది. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామ వేషం కడితే, మగవారంటే మా అమ్మమ్మ నమ్మేది కాదు. 2012లో ఆయన పోయారని పేపర్లో చదివిన రోజున నాకు మొదట జ్ఞాపకం వచ్చింది ఆ జడే.

కథ మీకు తెలిసిందే. అందంలో ఎవరు గొప్ప అన్న మాట మీద భార్యాభర్తలకు పేచీ వచ్చింది. కృష్ణుడు అలిగి వెళ్ళిపోయాడు. విరహంతో ఉన్న సత్యభామ జాబు రాసి చెలికత్తె మాధవి చేతిలో పెట్టాలి. అక్కడ మొదలవుతుంది తమాషా. “మీ ఆయన ఎవరమ్మా? పేరు చెప్పమ్మా” అంటుంది మాధవి. ఆమెకు తెలియక కాదు. సత్రాజిత్తు కూతురు సిగ్గుతో మెలికలు తిరుగుతుంటే చూడాలని. ఆ తరువాత జాబు పట్టుకువెళ్ళాలంటే ముక్కెర ఇమ్మంటుంది. ఇతర నగలు ఇస్తానన్నా కుదరదు. ఎంత జాబుకు అంత మామూలు అన్నమాట! మన ఆఫీసులకంటే ముందే ఈ పద్ధతి ఉన్నదని తెలిసి సంతోషించవలసిందే.

మాధవికి వేరే వేషగాడు ఉండడు. తాళాలు పట్టుకుని ఆట నడిపే సూత్రధారుడే సత్యభామ ముందు మాధవి, కృష్ణుడి ముందు మాధవుడు. అక్కడ చెలికత్తె, ఇక్కడ చెలికాడు. చింతా కృష్ణమూర్తి గారు సూత్రధారునిగా నిలబడితే, రాణిగారిని ఆటపట్టిస్తున్నది నౌకరో, ఆట మొత్తానికి యజమానో తెలిసేది కాదు.

ఇలాంటివాడే ఇటలీ దేశంలోనూ ఒకడున్నాడు. అక్కడి పాత ముసుగు నాటకాల్లో ఆర్లెకీనో అనే నౌకరు రంగురంగుల అతుకుల చొక్కా, ముఖానికి నల్ల ముసుగు వేసుకుని వస్తాడు. ఎప్పుడూ ఆకలే. వెనిస్ నగరపు రచయిత గోల్దోని 1745 ప్రాంతంలో ఆ కోవ నౌకరును పెట్టి ‘ఇద్దరు యజమానుల సేవకుడు’ అనే నాటకం రాశాడు. ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గర రెండు జీతాలకు కుదిరిన వాడొకడు, ఒకరి ఉత్తరం ఇంకొకరికి ఇచ్చేస్తాడు. విప్పిన ఉత్తరాన్ని మళ్ళీ అంటించడానికి రొట్టె ముక్క నమిలి, ఆకలికి తాళలేక మింగేస్తాడు. ఆఫీసు గోందుసీసా ఎండిపోయినప్పుడు మెతుకులతో కవర్లు అంటించిన మనకు వాడు పరాయివాడేమీ కాదు.

గుమస్తా కూడా ఇద్దరు యజమానుల సేవకుడే కదా! లోపల ఆఫీసరు, బయట అర్జీదారు. ఇక్కడి జాబు అక్కడికి, అక్కడి జవాబు ఇక్కడికి. నన్ను నేను మాధవిగా భావించుకుని చాలాకాలం మురిసిపోయాను. ఆ మురిపెం ఎందుకు పోయిందో చెప్పి ముగిస్తాను.

నేను ఒక కార్యాలయంలో పనిచేస్తుండగా, అటెండరుగా చేసి చనిపోయినతని భార్య ఫ్యామిలీ పెన్షన్ కాగితాలతో వచ్చింది. “మీ ఆయన పేరు చెప్పమ్మా” అన్నాను. ఆమె కాగితం చూపించింది. “నోటితో చెప్పు” అన్నాను. ఆ తరం ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. నాకు తెలుసు. భామాకలాపం చూసినవాణ్ణి, తెలియకేం? సెక్షనంతా నవ్వింది. ఆమె తల వంచుకుని, బతికుండగా ఒక్కసారీ పలకని పేరు, పోయిన తరువాత మా బల్ల ముందు పలికింది. కొంగుముడి విప్పి రెండు నోట్లు తీయబోతే, అందరికీ వినపడేలా కోప్పడ్డాను. లంచం ముట్టనివాడినని ఆ రాత్రి ఇంట్లో గర్వంగా చెప్పుకున్నాను.

ఆ ఫైలుకు కావలసింది ఒక్క రిమైండరు. ఐదు నెలలు రాయలేదు. నేను సెలవు మీద వెళ్తే, నా కుర్చీలో కూర్చున్న కుర్రవాడు రాసి, పదిహేను రోజుల్లో పంపించేశాడు.

మాధవి ముక్కెర తీసుకుంది, జాబు అందజేసింది. నేను ముక్కెరా తీసుకోలేదు, జాబూ అందజేయలేదు. మాధవి ఆటపట్టించింది ద్వారకలోని రాణిని. నేను ఆటపట్టించింది తాడు తెగి నెల తిరగని అటెండరు భార్యను. నౌకరు వేళాకోళం పైకి పోతే హాస్యం, కిందికి పోతే హింస. ఈ సంగతి కూచిపూడి పెద్దలకు ఎప్పుడో తెలుసు. నాకు మాత్రం రిటైరయ్యాక, నేను బతికే ఉన్నానని రుజువు చూపడానికి కిటికీ ముందు నిలబడిన రోజున తెలిసింది. లోపలి అబ్బాయి నా కాగితం చూడకుండా “పేరు చెప్పండి” అన్నాడు. అతని తప్పేమీ లేదు. నాకే ఆమె గొంతు వినిపించింది.

అందుచేత ఒక మనవి. మన సభ్యుల్లో ఎవరైనా కాలం చేస్తే, వారి ఇల్లాలు కాగితాలు పట్టుకుని తిరగకూడదు. ప్రతి శనివారం ఉదయం పది గంటలకు సంఘం గదిలో కూర్చుంటాను. ఫారాలు నేను నింపుతాను, జాబులు నేను రాస్తాను, అవసరమైతే వెంట వస్తాను. పేరు కాగితం మీద ఉంటే చాలు, నోటితో అడగను. ముక్కెర అక్కరలేదు. కాఫీ ఇప్పిస్తే మాత్రం కాదనను.