వెబ్‌సైటు అద్దెకా, సొంతానికా?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఉపాధి ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎజెండాలో 'ఉపాధి విభాగం వెబ్‌సైటు – చెల్లింపు విధానం' అని ఒక్క లైను రాసి ఉంది. లైను చిన్నదే గానీ దాని మీద ఈసీలో మూడు మీటింగులు నడిచాయి. ఒక పక్క లక్షన్నర దాకా సంఘం డబ్బు, ఇంకో పక్క మన ఊళ్ల ఆడపిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, చదువుల వివరాలు. రెండూ మన చేతిలో పెట్టినవే. అందుకని ఏం ఆలోచించామో, ఏ లెక్క వేశామో అందరి ముందూ పెట్టి ఆమోదం అడుగుతున్నాం.

పల్లె పిల్లలకి శిక్షణ ఇప్పించి ఉద్యోగంలో పెట్టే పని మన సంఘాలకి కొత్త కాదు. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో ఈజీఎంఎం మొదలైంది. 2014లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వచ్చింది. జాబ్ మేళాలకి ఊరూరా పిల్లల్ని పోగేసింది సంఘాలే. ఇప్పుడు మన ఉపాధి విభాగం అదే పనిని ఏడాది పొడవునా చేస్తోంది. కంపెనీలు మనుషులు కావాలని అడుగుతాయి, మనం పంపిస్తాం. చేరిన మనిషికి ఇంత అని రుసుము కంపెనీ ఇస్తుంది. పిల్లల దగ్గర ఒక్క రూపాయి తీసుకోం. ఇది మొదటి రోజు పెట్టుకున్న నియమం, ఈ రోజుకీ అదే.

ఇప్పటిదాకా ఈ పని నోటు పుస్తకాల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ నడుస్తోంది. శ్రీసిటీ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ నుంచో, అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీ నుంచో ఫోను వస్తుంది. 'ఇంటర్ పాసైనవాళ్లు, హాస్టల్లో ఉండగలిగినవాళ్లు ఇరవై మంది రేపటికల్లా కావాలి' అంటారు. అప్పుడు వీవోఏలందరూ పుస్తకాలు తిరగేయాలి. ఒకే పిల్ల పేరు రెండు చోట్ల ఉంటుంది, పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయి పేరు అలాగే ఉంటుంది. మనం వెతికి చెప్పేలోపు ఆ ఇరవై సీట్లు ఇంకెవరో నింపేస్తారు. వెబ్‌సైటు కావాలనుకున్నది ఇందుకే. పిల్లలు ఫోన్లోనే వివరాలు నింపుకోవాలి. కంపెనీ ఖాళీలు పెట్టాలి. మనం చదువు, వయసు, ఊరు నొక్కితే జాబితా రావాలి.

'కేంద్ర ప్రభుత్వానిది నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 నుంచి ఉంది గదా, ఉచితమే గదా, మనకి వేరేది ఎందుకు' అని ఒక గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు అడిగారు. మంచి ప్రశ్న. మన పిల్లలందర్నీ అందులో నమోదు చేయించడం మానం. కానీ ఫలానా అమ్మాయికి రాత్రి షిఫ్టుకి ఇంట్లో ఒప్పుకున్నారా, హాస్టల్ని మన సీసీ చూసి వచ్చారా, చేరిన మూడో నెల జీతం సరిగ్గా పడిందా – ఈ సంగతులు దేశం మొత్తానికి ఉన్న పోర్టల్లో ఉండవు. కంపెనీ మనకి రుసుము ఇచ్చేది ఈ నమ్మకానికే. ఇది రాసిపెట్టుకునే చోటు మనకి వేరే ఉండాలి.

ఇక అసలు విషయం. రెండు రకాల కొటేషన్లు వచ్చాయి. సులువుగా అర్థం కావాలని గుండు అంకెల్లో చెప్తాం.

మొదటిది సొంతం పద్ధతి. కట్టించడానికి 1,20,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 21,600. కలిపి 1,41,600. మొదటి ఏడాది సర్వర్ అద్దె, మరమ్మతు ఇందులోనే. రెండో ఏడాది నుంచి వాటికి జీఎస్టీతో కలిపి ఏటా 28,320.

రెండోది చందా పద్ధతి. నెలకి 4,500, జీఎస్టీతో 5,310. ఏడాదికి 63,720. సర్వరు, మరమ్మతు, మార్పులు అన్నీ వాళ్లవే. ఏడాది చందా ఒకేసారి ముందు కడితే పది నెలల డబ్బే తీసుకుంటారు, అంటే 53,100. మన సమాఖ్య జీఎస్టీలో నమోదు కాలేదు కాబట్టి, ఏ పద్ధతిలో కట్టిన పన్నైనా మనకి వెనక్కి రాదు. అందుకే పన్ను కలిపిన మొత్తాన్నే చూడాలి. కొటేషన్ పైన పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూసి మోసపోకూడదు.

నెలనెలా కట్టుకుంటూ పోతే ఎలా ఉంటుందో చూడండి. ఏడాది చివరికి సొంతానికి 1,41,600 అయితే, చందాకి 63,720. రెండేళ్లకి 1,69,920, 1,27,440. మూడేళ్లకి 1,98,240, 1,91,160. నాలుగేళ్లకి 2,26,560, 2,54,880. అంటే మూడేళ్లు దాటగానే సొంతం చవకవుతుంది. ఇక్కడ ఆగితే 'కట్టించేసుకుందాం, మనం నాలుగేళ్లకి మూసేసే సంఘమా' అనిపిస్తుంది. ఈసీలో సగం మంది అదే అన్నారు.

కానీ మనకి డబ్బు ఊరికే ఉండదు గదా. గ్రామ సమాఖ్యకి రూపాయి వడ్డీకి ఇచ్చిన లక్షా నలభై వేలు ఏడాదిలో దాదాపు 17 వేలు తెస్తుంది. అది ఒకరికి గేదె, ఒకరికి కుట్టు మిషను, ఒకరికి పిల్లవాడి ఫీజు. ముందే మొత్తం కట్టేస్తే ఆ తిరిగే డబ్బు ఆగిపోతుంది. చందాలో ఆ డబ్బు కొంచెం కొంచెంగా పోతుంది, మిగిలింది తిరుగుతూనే ఉంటుంది. ఆ వడ్డీ కూడా కలిపి చూస్తే, మొదటి మూడేళ్లలో సొంతం పద్ధతికి ఇంకో పాతిక వేలు ఖర్చు చేరినట్టు తేలింది. అప్పుడు రెండూ సమానమయ్యేది మూడేళ్ల దగ్గర కాదు, నాలుగో ఏడాది చివర.

మన యంత్ర పరికరాల అద్దె కేంద్రం సంగతి మీకు తెలిసిందే. ట్రాక్టరు కొనాలా, అద్దెకి తేవాలా అన్నప్పుడు ఏడాదిలో ఎన్ని రోజులు నడుస్తుందని అడిగాం. ఇక్కడ కూడా మొదటి ప్రశ్న అదే. అయితే ఒక తేడా ఉంది. ట్రాక్టరు పాతబడినా అమ్మితే ఎంతో కొంత వస్తుంది. పాత వెబ్‌సైటుని ఎవరూ కొనరు. ఐదేళ్ల తర్వాత ఫోన్లు మారతాయి, పద్ధతులు మారతాయి, మళ్లీ కట్టించుకోవాల్సిందే. కాబట్టి 'సొంతం' అన్న మాటకి ఇక్కడ పొలానికి ఉన్నంత బరువు లేదు.

ఈ మాట మీద గట్టి వాదనే జరిగింది. 'పట్టా మన పేరు మీద లేక ఎన్నేళ్లు బాధపడ్డాం. ఇల్లు మగవాళ్ల పేరు, పొలం మగవాళ్ల పేరు. ఇప్పుడు సంఘం పెట్టుకునేది కూడా ఇంకొకళ్ల పేరు మీద ఉండాలా' అని ఒక పెద్దావిడ అన్నారు. ఆ మాటని తీసేయలేం. అందుకని సరిగ్గా ఏది మన పేరు మీద ఉండి తీరాలి అని కూర్చుని విడదీసి చూశాం.

వెబ్‌సైటు అంటే ఒకటి కాదు, నాలుగు. ఒకటి దాని పేరు, అంటే డొమైను. రెండు, అందులో ఉన్న పిల్లల, కంపెనీల వివరాలు. మూడు, ఎస్సెమ్మెస్ పంపినప్పుడు పైన కనిపించే మన గుర్తు. నాలుగు, అది నడిచే ప్రోగ్రాము. మొదటి మూడూ పోతే మన పని పోతుంది. నాలుగోది పోతే ఇంకొకరి దగ్గర ఇంకొకటి దొరుకుతుంది.

పైగా డబ్బు మొత్తం కట్టినంత మాత్రాన ఆ నాలుగోది మనదైపోదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటివాళ్లతో రాయించుకున్న ప్రోగ్రాము మీద హక్కు మొదట రాసినవాళ్లదే. మనకి బదిలీ చేస్తున్నట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే బదిలీ చేసినట్టు లెక్క. మొదటి కొటేషన్లో ఈ మాటే లేదు. అంటే లక్షా నలభై వేలు కట్టినా సొంతం అనేది పేరుకే.

డొమైను విషయం దీనికంటే ముఖ్యం. దాన్ని ఏడాది నుంచి పదేళ్ల దాకా ముందే కట్టి తీసుకోవచ్చు. ఖర్చు తక్కువ కాబట్టి కట్టేవాడే తన పేరు మీద, తన ఈమెయిల్‌తో తీసేస్తాడు. తర్వాత గొడవ వస్తే, మన బోర్డు మీద రాయించుకున్న పేరు అతని చేతిలో ఉంటుంది. కట్టించుకున్నా, చందా కట్టినా ఈ ప్రమాదం ఒకటే. కాబట్టి డొమైను సమాఖ్య పేరు మీదే, సమాఖ్య ఆఫీసు ఈమెయిల్‌తోనే ఉండాలి. ఎవరి సొంత నంబరూ పెట్టకూడదు. ఓబీలు మారుతుంటారు, సమాఖ్య ఉంటుంది.

పిల్లల వివరాలకి 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. వివరాలు సేకరించింది మనం కాబట్టి బాధ్యత మనదే. సర్వరు ఇంకొకరిదైనా 'మాకేం తెలీదు, కంపెనీవాళ్లు చూసుకుంటారు' అంటే కుదరదు. సమాచారాన్ని కాపాడలేకపోతే ఆ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. అంత మొత్తం మన మీద పడుతుందని భయపెట్టడానికి చెప్పడం లేదు, చట్టం దీన్ని ఎంత పెద్దదిగా చూస్తోందో తెలియాలని చెప్తున్నాం. జరిమానా మాట పక్కన పెట్టినా, పద్దెనిమిదేళ్ల పిల్ల ఫోన్ నంబరు తెలియనివాళ్ల చేతిలో పడితే ఆ తల్లికి మనం ఏం జవాబు చెప్తాం? అందుకే ఫారంలో ఆధార్ నంబరు అడగకూడదని, కావలసినంత వరకే వివరాలు తీసుకోవాలని తేల్చుకున్నాం.

చందాలో ఉన్న కష్టాలు కూడా దాచం. పని లేని నెలలో కూడా 5,310 కట్టాలి. మనిషికి రుసుము వెయ్యి రూపాయలు అనుకుంటే నెలకి ఆరుగురు చేరితే గానీ చందా రాదు. రేటు పెంచితే మనం ఇరుక్కుంటాం. వాళ్లు మూసేస్తే సైటూ మూతే. ఇక ఆటో డెబిట్. మన ఖాతాలో తీర్మానం, ఉమ్మడి సంతకాలు లేకుండా పైసా కదలదు. నెలనెలా దానంతటది డబ్బు పోయే ఏర్పాటు మన పద్ధతికి సరిపడదు.

ఇవన్నీ చూసుకుని, చందా పద్ధతికి వెళ్దామని ఈసీ నిర్ణయించింది. కారణం ఒక్కటే. ఈ విభాగం రుసుముతో తన కాళ్ల మీద నిలబడుతుందో లేదో రెండేళ్లు చూస్తే గానీ తెలియదు. తెలియని పనికి తిరిగే డబ్బు లక్షన్నర ఒకేసారి పెట్టడం కంటే, పని నడిచినంత మేరకే కట్టుకోవడం మేలు. నడవకపోతే ఏడాదిలో 63,720తో బయటపడతాం. నడిస్తే, అప్పుడు హక్కుల కాగితంతో సహా సొంతంగా కట్టించుకోవచ్చు.

అయితే ఈ షరతులు ఒప్పందంలో రాస్తేనే సంతకం పెడతాం. డొమైను, ఎస్సెమ్మెస్ గుర్తు సమాఖ్య పేరు మీద ఉండాలి. మూడేళ్ల దాకా రేటు పెంచకూడదు. ప్రతి నెలా మొత్తం వివరాలు ఎక్సెల్ ఫైలుగా మన కంప్యూటర్‌కి రావాలి. మేం మానుకున్నా, వాళ్లు మూసేసినా మూడు నెలల ముందు చెప్పాలి, తర్వాత వాళ్ల దగ్గరున్న కాపీ చెరిపేసి రాసివ్వాలి. పిల్లల వివరాలు ఎవరికీ అమ్మకూడదు, చూపించకూడదు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి బిల్లు చూసి, 15,930కి చెక్కు ఇస్తాం, ఆటో డెబిట్ ఉండదు. పని నచ్చితే రెండో ఏడాది నుంచి ఏడాది చందా ముందే కట్టి, ఏటా 10,620 మిగుల్చుకుంటాం. ఇలా చేస్తే నాలుగేళ్లకి మొత్తం 2,23,020 అవుతుంది, సొంతం లెక్క కంటే అప్పటికీ కొంచెం తక్కువే.

ఇంకో మాట. సైటు మొదటి పేజీలోనే రెండు సంగతులు పెద్దగా రాయిస్తాం. పిల్లల దగ్గర డబ్బు తీసుకోం అన్నది ఒకటి. గల్ఫ్‌కి, విదేశాలకి మనుషుల్ని పంపం అన్నది రెండోది. 1983 వలస చట్టం ప్రకారం దానికి ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ ఉండాలి, అది మనకి లేదు. మన పేరు చెప్పి వీసా డబ్బులు అడిగేవాళ్లు ఎవరైనా వస్తే, ఈ పేజీ చూపించి నిలదీయండి.

ప్రతి గ్రామ సమాఖ్య చేయాల్సింది ఒకటుంది. మీ నోటు పుస్తకాల్లో ఉన్న పేర్లు సరిచూడండి. చేరినవాళ్లు, పెళ్లయి వెళ్లినవాళ్లు, ఇప్పుడు ఉద్యోగం వద్దన్నవాళ్లు ఎవరో గుర్తు పెట్టండి. మిగిలిన ప్రతి అమ్మాయినీ అడిగి, సరే అంటేనే సైటులో ఎక్కించండి. అడగకుండా ఒక్క పేరూ ఎక్కకూడదు. తప్పుల పుస్తకాన్ని సైటులోకి ఎక్కిస్తే, అద్దెదైనా సొంతదైనా అది తప్పుల సైటే అవుతుంది.

ఏడాది తర్వాత ఇదే సభలో ఎంతమంది నమోదయ్యారు, ఎంతమంది చేరారు, ఎంతమంది మూడు నెలలు దాటి నిలబడ్డారు, చందా ఎంత, రుసుము ఎంత – ఈ ఐదు అంకెలూ మీ ముందు పెడతాం. అవి చూసి కొనసాగించాలో, మానాలో, సొంతంగా కట్టించుకోవాలో మీరే తేల్చండి. ప్రస్తుతానికి ఈసీ తీర్మానాన్ని ఈ షరతులతో సహా సర్వసభ్య సమావేశం ఆమోదించాలని, అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే లేచి చెప్పాలని, అది కూడా మినిట్స్ బుక్కులో రాయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.