ఎర్రసిరా కింద మన కథలు

(యువ రచయితల కథా శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మీరు అడుగుతున్నది ఒకే మాట. "మాస్టారూ, రాయాలని ఉంది, కథకు వస్తువు దొరకడం లేదు" అని. దొరకడం లేదా, దొరికినదాన్ని వస్తువు కాదని అవతల పారేస్తున్నామా? మేం చేసిన తప్పు ఒకటి చెప్తాం, వినండి.

కొన్నేళ్ల కిందట ఆరో తరగతి పిల్లల్ని ఆవు మీద వ్యాసం రాయమన్నాం. అందరూ ఒకటే రాశారు. ఆవు సాధుజంతువు, పాలు ఇచ్చును, పేడ వేయును. మన పల్లె పిల్లాడొకడు మాత్రం చచ్చిన ఆవు సంగతి రాశాడు. వాళ్ల తాత వయసులో ఉండగా కళేబరాన్ని ఊరవతలికి ఎట్లా మోసేవాడో, తోలు ఒలిచి సున్నపు నీళ్లలో నానేసి బొచ్చు ఎట్లా గీకేవాడో, తంగేడు చెక్క వేసి లందలో ఎట్లా ఊరబెట్టేవాడో, అంతా రాశాడు. ఆ తోలుతో మోట బొక్కెన కుడితేనే ఊరోళ్ల చేలు తడిసేవని కూడా రాశాడు. తాత చేతులు ఎంత కడిగినా వాసన పోయేది కాదట, ఆ చేత్తోనే మనవడికి బెల్లం ముక్క పెట్టేవాడట.

మేమేం చేశాం? ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి, 'అడిగినది రాయలేదు' అని పక్కన రాశాం. మేమూ ఆ లంద పక్కన పుట్టినోళ్లమే! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి చెయ్యి అది. ఆ పిల్లాడు తర్వాతి వ్యాసంలో అందరిలాగే పాలు పిండాడు.

ఆ ఎర్రగీత మీ తలకాయల్లో కూడా ఉంది. ముందు దాన్ని చెరపండి.

అంబేడ్కర్ గారు 1901లో, తొమ్మిదేళ్లప్పుడు, తండ్రిని చూడ్డానికి సతారా నుంచి బయల్దేరిన సంగతి రాసుకున్నారు. మసూర్ స్టేషన్లో దిగాక కులం తెలిసి బండివాళ్లు రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయి తీసుకుని, పిల్లల్నే తోలుకోమని, బండివాడు పక్కన నడిచాడు. మూటలో సద్ది ఉంది. తాగను నీళ్లు పుట్టలేదు. ఆకలితోనే పడుకున్నారు. అంటరానితనం ఘోరమని పేజీలు నింపినా, తినలేకపోయిన ఆ సద్ది చెప్పినంత చెప్పలేం.

కారంచేడు చూడండి. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ లెక్క అందరికీ తెలుసు. ముందురోజు ఏం జరిగింది? మనోళ్లు తాగే చెరువులో గేదెకు కుడితి పెట్టిన బకెట్టు కడుగుతుంటే అడ్డం చెప్పారు. మున్నంగి సువార్త మీదికి వస్తే, ఆమె చేతిలో బిందె ఎత్తింది. కథ రాసేవాడు ఆ బిందె దగ్గర ఆగాలి. అందులో ఇంటికి ఎన్ని నీళ్లు కావాలి, ఆమె రోజూ ఎన్నిసార్లు ఆ గట్టు ఎక్కేది అని ఆలోచించాలి.

కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' చదవండి, ఎండ్లూరి సుధాకర్ గారి 'మల్లెమొగ్గల గొడుగు' చదవండి, గోగు శ్యామల గారి కథలు చదవండి. చదివి వాళ్ల పల్లెను మీ కాయితం మీదికి ఎత్తుకురావద్దు.

పెద్దోళ్ల దగ్గర కూర్చున్నప్పుడు "అవ్వా, నువ్వేం కష్టాలు పడ్డావే?" అని అడగబాకండి. "ఏముందిరా, అందరిలాగే" అని లేచిపోద్ది. "తాత చెప్పులు కుడితే ఏడాదికి ఎన్ని కుంచాల వడ్లు కొలిచేవాళ్లు? ఎవరింటోళ్లు తక్కువ కొలిచేవాళ్లు?" అని అడగండి. పొద్దుపోయేదాకా చెప్పిద్ది.

అయితే ఒకటుంది. మన బతుకు రాస్తున్నామంటే మన అమ్మను బజార్లో నిలబెట్టడమే అవుద్దేమో. మాయమ్మ మా చిన్నప్పుడు ఒక పెళ్లింటి దొడ్లో, మిగిలిన అన్నం కోసం గిన్నె పట్టుకుని మధ్యాన్నం దాకా నిలబడింది. దాన్ని కథగా రాసి చదివి వినిపించాం. చాలాసేపు మాట్లాడలేదు. "నేను పోయినాక అచ్చేసుకో" అంది. కాయితాలు పెట్టెలో పెట్టేశాం.

రెండేళ్లకు ఒక రాత్రి తనే ఎత్తింది. "ఒరే, ఆ కథలో తప్పు రాశావు. నేను ఏడ్చానని రాశావు. నేను ఏడవలా. గిన్నె వాళ్ల దొడ్లోనే బోర్లించి వచ్చా. ఆ పూట మీకు గంజే" అంది.

ఆ గంజి మాకు గుర్తే. గిన్నె సంగతి మాత్రం అప్పటిదాకా తెలియదు. కథ మళ్లీ రాశాం. పేరు మార్చమంది, మార్చాం.

మీరూ పేర్లు మార్చండి. ఇప్పుడు కాయితాలు తీయండి. భోజనాల గంట కొట్టేలోపు ఒక్క పేజీ.