రక్తంలో బ్యాక్టీరియా: లెక్కలోకి రాని జ్వరాలు

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "డాక్టర్ గారూ, రక్తంలో ఇన్ఫెక్షన్ అంటున్నారు, అది ఎవరికి వస్తుంది? ఎక్కడినుంచి వస్తుంది?" ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. పిల్లల సంగతి వేరు, ఇవాళ పెద్దవాళ్ల గురించి మాత్రమే చెప్తాను. నేను మైక్రోబయాలజిస్టుని. అంటే పేషెంటు కంటే పేషెంటు రక్తం ఉన్న సీసానే ఎక్కువగా చూసేవాణ్ణి.

ముందు ఒక విషయం. పళ్లు తోముకున్నప్పుడు కూడా చిగుళ్లలోంచి కాస్త బ్యాక్టీరియా రక్తంలోకి పోతుంది. కాలేయం, ప్లీహం దాన్ని కొద్దిసేపట్లోనే ఏరేస్తాయి. మనకు తెలియను కూడా తెలియదు. అలా ఏరెయ్యలేక, బ్యాక్టీరియా రక్తంలో నిలిచి జబ్బు చేస్తే, దాన్నే రక్తంలో ఇన్ఫెక్షన్ అంటాం. దానికి శరీరం అదుపు తప్పి స్పందించి, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతినడం మొదలైతే అది సెప్సిస్.

ఇది ఎంత పెద్ద సమస్య? 2019లో ప్రపంచం మొత్తమ్మీద 33 రకాల బ్యాక్టీరియా వల్ల సుమారు 77 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. ఆ మరణాల్లో నూటికి 75కి పైగా మూడు రకాల జబ్బులవే: ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు, రక్తంలో ఇన్ఫెక్షన్లు, కడుపులోపలి ఇన్ఫెక్షన్లు. సగానికి పైగా మరణాలకు ఐదే ఐదు బ్యాక్టీరియాలు కారణం. వాటిలో ఈ కోలై, స్టెఫైలోకోకస్ ఆరియస్, క్లెబ్సియెల్లా ఉన్నాయి. ఈ మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి.

బ్యాక్టీరియా రక్తంలోకి ఊరికే ఊడిపడదు. ఏదో ఒక దారి ఉంటుంది. ఈ కోలైకి ఎక్కువగా మూత్రం దారి. స్టెఫైలోకోకస్‌కి చర్మం మీద పుండు, డయాలసిస్ కోసం పెట్టిన గొట్టం, సెలైన్ సూది. అందుకే వయసు పైబడినవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి, డయాలసిస్, కీమోథెరపీ చేయించుకునేవాళ్లకి ముప్పు ఎక్కువ. మన దగ్గర పడుచువాళ్లని పట్టుకునేది ఇంకొకటుంది, టైఫాయిడ్. అదీ రక్తంలో ఇన్ఫెక్షనే, కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వచ్చేది.

మేము లెక్క రాసేటప్పుడు కేసుల్ని రెండుగా విడదీస్తాం. బయటినుంచి తెచ్చుకున్నవి ఒక రకం. ఆసుపత్రిలో చేరి 48 గంటలు దాటాక బయటపడినవి రెండో రకం. మన ఐసీయూల్లో ఈ రెండో రకంలో క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ ముందుంటాయి. చాలా మందులకి లొంగనివి కూడా ఇవే.

ఈ విడదీత ఎందుకు అంటారా? ఇంగ్లండ్ సంగతి చూడండి. అక్కడ మందులకి లొంగని స్టెఫైలోకోకస్, అంటే ఎంఆర్ఎస్ఏ, రక్తంలో దొరికిన ప్రతి కేసునీ ఆసుపత్రులు చెప్పి తీరాలని 2001లో నియమం పెట్టారు. 2003-04లో దాదాపు 7,700 కేసులున్నవి, 2012-13కి వెయ్యి లోపుకి వచ్చాయి. చేతులు కడుక్కోవడం, గొట్టాలు శుభ్రంగా పెట్టడం, అక్కర తీరగానే తీసెయ్యడం. ఇవే చేశారు. కానీ ఈ కోలై అలా తగ్గలేదు. ఎందుకంటే అది ఎక్కువగా ఇంట్లో ఉన్న ముసలివాళ్ల మూత్రంలోంచి మొదలవుతుంది. ఆసుపత్రిలో చేతులు కడుక్కుంటే అది ఆగదు కదా!

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ లెక్కలన్నీ ఒకే పరీక్ష మీద నిలబడి ఉన్నాయి. అదే బ్లడ్ కల్చర్. ఇన్ఫెక్షన్ ఉన్నా పెద్దవాళ్ల రక్తంలో చాలాసార్లు మిల్లీలీటరుకి ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండదు. అందుకే ఒక్కో సీసాలోకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు, రెండు చోట్లనుంచి తియ్యాలి. అదీ యాంటీబయాటిక్ పడకముందే. మందు పడ్డాక తీస్తే చాలాసార్లు సీసాలో ఏదీ పెరగదు.

మన దగ్గర ఎప్పుడు తీస్తున్నాం? రెండు మూడు మందులు వాడి, తగ్గక, పెద్దాసుపత్రికి వచ్చాక. అప్పటికి మామూలు మందుకి లొంగేవి చచ్చిపోయి ఉంటాయి. సీసాలో పెరిగేవి ఎక్కువగా మొండివే. ఆ లెక్క చూసి, బయట మామూలు జ్వరానికి కూడా పెద్ద మందు మొదలుపెడతారు. అలా వాడేకొద్దీ మొండి బ్యాక్టీరియా నిజంగానే పెరుగుతుంది.

ఈ మాట చెప్పే అర్హత నాకు ఉందా అని ఒక్కోసారి అనిపిస్తుంది. మా పెద్దమ్మకి షుగర్ ఉండేది. ఒకరోజు ఊరినుంచి ఫోన్ చేసి, "ఒరే, వణుకు ఆగట్లేదురా, మూత్రం మంట" అంది. నేను ఏదో పనిలో ఉండి, "అక్కడ ఇంజెక్షన్ చేయించుకో పెద్దమ్మా, తగ్గకపోతే చూద్దాం" అన్నాను. రెండు రోజులు ఇంజెక్షన్లు చేయించుకుంది. మూడో రోజు బీపీ పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. ఆవిడ కల్చర్ సీసాని నేను ఐదు రోజులు చూశాను. ఏమీ పెరగలేదు. ఏ మందు పనిచేస్తుందో తెలియక మూడు మందులు మార్చారు. తొమ్మిదో రోజు పోయింది. సర్టిఫికెట్‌లో సెప్సిస్ అని రాశారు. ఏ బ్యాక్టీరియానో ఎవరికీ తెలియదు. ఏ లెక్కలోనూ మా పెద్దమ్మ లేదు.

మొదటిరోజే కల్చర్ తీసి ఉంటే బతికేదా? చెప్పలేను. కానీ మందు గుడ్డిగా వెయ్యాల్సిన పని ఉండేది కాదు.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. ప్రతి జ్వరానికీ బ్లడ్ కల్చర్ అక్కర్లేదు. కానీ దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, మాట తడబడటం, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం ఉంటే ఆలస్యం చెయ్యకండి, ఆసుపత్రికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు, డయాలసిస్ గొట్టం ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. అక్కడ ఒక్క మాట అడగండి: "డాక్టర్ గారూ, యాంటీబయాటిక్ ఇచ్చే ముందు కల్చర్ తీస్తారా?" రక్తం తియ్యడానికి కొద్ది నిమిషాలు చాలు. రిపోర్టు వచ్చేదాకా మందు మాత్రం ఆపకూడదు. తీసిన వెంటనే ఇచ్చెయ్యాలి. టైఫాయిడ్ అనుమానానికి వైడాల్ పరీక్ష ఒక్కదాన్నీ నమ్ముకోకండి. కల్చర్ కూడా టైఫాయిడ్‌ని నూటికి 60 మందిలోనే పట్టుకుంటుంది, కానీ దొరికితే ఏ మందు పనిచేస్తుందో కూడా చెప్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కల్చర్ రిపోర్టు ఎలా చదవాలో చెప్తాను. మీ ఇంట్లో పాత రిపోర్టు ఉంటే దగ్గర పెట్టుకుని కూర్చోండి.