సూదా, మాత్రా? వత్తల్‌మలైలో మేము మాట్లాడుకున్నది

(వత్తల్‌మలై కొండమీద జరిగిన ఆరోగ్య కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



తమిళంలో మాట్లాడాల్సిన చోట తెలుగులో మాట్లాడుతున్నందుకు ఇక్కడి మలయాళి గిరిజన పెద్దలు క్షమించాలి. పక్కన కూర్చున్న మనవాళ్ళు వాళ్ళ చెవిలో తమిళం చెబుతున్నారు, ఆ మేరకు మేము నెమ్మదిగా చదువుతాం.

మేము ఐదుగురం. హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి వైపు తెలుగు కుటుంబాల వాళ్ళం. ఒకరు గులాబీ తోటలో కూలి, ఒకరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని, ఒకరు దర్జీ, ఒకరు రిటైరైన టీచరు, ఒకరు ఆటో నడుపుతారు. మమ్మల్ని కలిపింది సోరియాసిస్. ఈ కాగితం ఐదుగురం కలిసి రాశాం, చదివేది ఒకరు. మాలో డాక్టర్లు లేరు. మేము చెప్పేది విని ఎవరూ మందు మొదలుపెట్టొద్దు, మానేయొద్దు.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి దారి తప్పి, చర్మం కణాలు మామూలుకంటే ఎన్నో రెట్లు వేగంగా పుట్టుకొస్తాయి. ఆ పొలుసులు అవే. కొందరికి కీళ్ళు కూడా పట్టేస్తాయి. ఇంత మాత్రానికే మాలో ఒకామెకు పెళ్ళి భోజనంలో వేరే వరసలో విస్తరి వేశారు. మన సంఘాల్లోనూ లేవీయకాండం 13వ అధ్యాయం చదివేటప్పుడు కొన్ని కళ్ళు మా మోచేతుల మీదికి వస్తాయి. ఆ అధ్యాయంలో కుష్ఠమని మనం చదువుకునే హెబ్రీ మాట ఒక్క జబ్బు పేరు కాదనీ, రకరకాల చర్మ వ్యాధులకు, చివరికి బట్టకూ గోడకూ పట్టే మచ్చలకూ వాడిన మాటనీ పండితులు చెబుతారు. మా జబ్బు కూడా అందులో ఉండి ఉండవచ్చంటారు. పాస్టరుగార్లు ఆ సంగతి ఒక్క వాక్యంలో చెబితే చాలు, మాకు పెద్ద మేలు.

ఇక అసలు విషయం. మేము కలిసిన ప్రతిసారీ జరిగే తగాదా ఒకటే: సూది మంచిదా, మాత్ర మంచిదా? చాలాకాలం వాదించుకున్నాక తెలిసింది, మేము ఒకే మాట వాడుతూ వేర్వేరు మందుల గురించి మాట్లాడుకుంటున్నామని.

ఆటో నడిపే తమ్ముడు "సూది వేశారు, వారంలో చర్మం అద్దంలా అయింది" అన్నాడు. అది స్టెరాయిడ్ సూది. నెల తిరక్కుండా జబ్బు రెండింతలై తిరిగొచ్చింది, ఒళ్ళంతా చీము పొక్కులతో ఆస్పత్రిలో పడ్డాడు. సోరియాసిస్‌లో స్టెరాయిడ్‌ను సూదిగానో మాత్రగానో ఇచ్చి ఒక్కసారిగా ఆపితే ఇలా విరుచుకుపడే ప్రమాదం ఉందని చర్మ వైద్యులందరికీ తెలుసు. సందులో సూది వేసే మనిషికి తెలియదు. టీచరుగారు "సూది" అన్నది మెథోట్రెక్సేట్‌ను, వారానికోసారి చర్మం కింద వేసుకునేది. మూడో ఆమె "సూది" అంటే బయోలాజిక్, వేలల్లో ఖరీదు చేసేది. మూడింటికీ పేరు సూదే. కాబట్టి మీ పక్కింటాయన సూదితో బాగుపడ్డాడంటే, మొదట అడగాల్సింది ఆ చీటీ మీద మందు పేరేమిటని.

మెథోట్రెక్సేట్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకుంటాం. మనలాంటి వాళ్ళకు చివరికి చేతికందేది అదే కాబట్టి. దాని వెనక మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోవడం చూశాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి తెల్ల ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు తక్కువ పట్టాతో బయటపడ్డాడు. తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. దానికి విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు వాడారు. ఆ ఫలితాలు అచ్చయిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశాడు. 1951లో కీళ్ళవాతానికి అమినాప్టెరిన్ ఇస్తుంటే సోరియాసిస్ పొలుసులు రాలిపోవడం డాక్టర్లు గమనించారు. అలా ఈ కుటుంబపు మందు మా చర్మం దాకా వచ్చింది. ఈరోజు మా చీటీలో వారానికోసారి మెథోట్రెక్సేట్, దాని దుష్ఫలితాలు తగ్గించడానికి వేరే రోజున ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రెండూ ఆయన గదిలోంచి వచ్చినవే. మా దర్జీ అక్క "విషమూ ఆయనదే, విరుగుడూ ఆయనదే" అని నవ్వుతుంది.

నవ్వేసి ఊరుకునే సంగతి కాదది. ఈ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మా గులాబీ తోట చెల్లెలు రోజూ వేసుకుంది. చీటీలో వారానికని ఇంగ్లీషులో ఉంది, మందుల షాపులో ఎవరూ చదివి చెప్పలేదు, మిగతా మాత్రలన్నీ రోజువారీవే కదా అనుకుంది. పదో రోజుకల్లా నోరంతా పుండ్లు, మంచినీళ్ళు మింగలేదు, జ్వరం. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. ధర్మపురి దాకా మోసుకెళ్ళి, ల్యూకోవోరిన్ ఇప్పించి కాపాడుకున్నాం. ఆ మందు ఉండబట్టి బతికింది. ఆ రోజు నుంచి మా ఐదుగురి చీటీల మీద రోజు పేరు తెలుగులో, తమిళంలో రాయించుకుంటున్నాం. ఆదివారం పెట్టుకుంటే మరిచిపోమని ఒకరన్నారు కానీ, మరునాడు వికారంగా ఉంటుంది, సోమవారం కూలి పోతుంది. కాబట్టి ఎవరి పనిని బట్టి వాళ్ళ రోజు.

అదే మందు మాత్రగా వేసుకుంటే ఒక చిక్కు. డోసు వారానికి 15 మిల్లీగ్రాములు దాటాక పేగులు దాన్ని పూర్తిగా పీల్చుకోవు, ఎంత మింగినా రక్తంలోకి వెళ్ళేది అంతగా పెరగదు. చర్మం కింద సూదిగా వేస్తే పెరుగుతుంది. మాత్రతో వాంతులు వచ్చిన కొందరికి సూదితో కాస్త తెరిపి. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరీక్షలో, 16 వారాల సూది తర్వాత 100లో 41 మందికి జబ్బు నాలుగింట మూడు వంతులు తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 10 మందికే. దానికి ముందు 2008లో వచ్చిన మరో పరీక్షలో అదే మెట్టుకు చేరినవాళ్ళు మెథోట్రెక్సేట్ మాత్రతో 36 మంది, అడాలిముమాబ్ అనే బయోలాజిక్ సూదితో 80 మంది. అప్రెమిలాస్ట్ అనే మరో మాత్ర ఉంది, మన దేశంలోనూ దొరుకుతుంది. దాని పెద్ద పరీక్షలో 33 మంది. వేర్వేరు పరీక్షల అంకెలను పక్కపక్కన పెట్టి పందెం కట్టకూడదు. అయినా 80కీ 36కీ ఉన్న తేడా ఒకే పరీక్షలోది.

మరి అందరూ ఆ 80 వైపే ఎందుకు వెళ్ళరు? ఇక్కడే కొండ గుర్తొస్తుంది. 20కి పైగా హెయిర్‌పిన్ మలుపులు ఎక్కి మనం ఇక్కడికి వచ్చాం. వాంతులు చేసుకున్నవాళ్ళున్నారు, పేర్లు చెప్పం. కాఫీ, మిరియం, సామలు పండించే ఈ ఊళ్ళలో ఒకరికి బయోలాజిక్ రాశారనుకోండి. అది 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. కింద కొన్న సూది ఐసు పెట్టెలో కొండెక్కాలి. ఇంట్లో ఫ్రిజ్ ఉండాలి, ఆ ఫ్రిజ్‌కు కరెంటు ఉండాలి. మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష కావాలి, ఎందుకంటే ఒంట్లో నిద్రపోతున్న క్షయను అడాలిముమాబ్ లాంటి సూది లేపగలదు. మన దేశంలో అది చిన్న మాట కాదు. ఇక ఖరీదు. 2014లో అహ్మదాబాద్ జైడస్ క్యాడిలా కంపెనీ అడాలిముమాబ్‌కు సాటి మందును మూల మందుకంటే చాలా తక్కువ ధరకు తెచ్చింది. అంతకు ముందే 2013లో మన పక్కనే బెంగళూరులో బయోకాన్ ఇటోలిజుమాబ్ తెచ్చింది. దారులు తెరుచుకుంటున్న మాట నిజమే. కానీ రోజుకూలీకి ఆ దారి ఇంకా ఇరుకే.

మాత్ర చవక. దాని వెనక వచ్చేది చవక కాదు. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మొదట్లో తరచుగా, ఆ తర్వాత కొన్ని నెలలకోసారి తప్పవు. సారా అలవాటున్నవాళ్ళు డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఒక్క పరీక్షకు కొండ దిగితే ఒకరోజు కూలి, దారి ఖర్చు, తోడొచ్చే మనిషి కూలి. అందుకే మాత్రేదో మేలని చెప్పేవాళ్ళు సగం లెక్కే చెబుతున్నట్టు మాకనిపిస్తుంది.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. మెథోట్రెక్సేట్ వాడుతూ గర్భం రాకూడదు, బిడ్డకు ప్రమాదం. ముందుగా ఆపి, డాక్టరు చెప్పినన్ని నెలలు ఆగాలి. ఎసిట్రెటిన్ అనే మాత్ర అయితే ఆపాక మూడేళ్ళు. ఇది పెళ్ళి కుదిరాక అత్తగారి చెవిన పడే మాట కాకూడదు. మా చెల్లెలికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. జబ్బు దాచమని ఇంట్లో ఒత్తిడి. తను మాత్రం చీటీ చేతిలో పెట్టే మాట్లాడతానంటోంది. మొదటి సంబంధం వెనక్కి పోయింది. రెండోవాళ్ళు ఇంకా ఏమీ చెప్పలేదు.

ఇదే ధర్మపురి జిల్లాలో సిట్లింగి లోయలో 1993 నుంచి ఒక డాక్టర్ జంట గిరిజనుల మధ్యే ఆస్పత్రి పెట్టి నడుపుతున్నారు, గిరిజన ఆడపిల్లలకే నర్సు పని నేర్పి. పక్క జిల్లా కృష్ణగిరిలో 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిచ్చే పథకం మొదలుపెట్టింది. ఆ సంచిలోనే వారానికో మెథోట్రెక్సేట్ సూది, రక్తం తీసే సిరంజి కూడా కొండెక్కితే కూడదా అని మేము అర్జీ రాశాం. సూది వేయడం గ్రామ నర్సుకు నేర్పవచ్చు, మా టీచరుగారు తనకు తానే వేసుకుంటారు. అర్జీ తమిళ ప్రతి ఈ బల్ల మీద ఉంది, చదివి నచ్చితే సంతకమో వేలిముద్రో పెట్టండి. మీ మందుల చీటీలు తెచ్చుకున్నవాళ్ళు ఇటు పక్కకు రండి. వారపు మాత్ర ఎవరిదైనా ఉంటే రోజు పేరు రాసిస్తాం. బస్సుకు ఇంకా గంట టైముంది.